చువోంగ్ ఊరి ఆకుటోపీలు

అమెరికాలో మరే ఊళ్ళోనూ లేనంతమంది వియత్నాం వాళ్ళు మా శాన్ హోసేలో ఉన్నారు. స్టోరీ రోడ్డు వైపు వెళితే కొట్ల బోర్డులన్నీ వాళ్ళ భాషలోనే కనిపిస్తాయి. అక్కడ మేం నెలకోసారైనా వెళ్ళే ఫో హోటలొకటుంది. (ఫో అంటే వేడివేడి పులుసులో నూడిల్సు. జలుబు చేసినప్పుడు మా ఇంట్లో మిరియాల చారు స్థానాన్ని అది ఎప్పుడో ఆక్రమించేసింది. ఈ సంగతి మా అమ్మకి మాత్రం చెప్పకండి.) ఆ హోటలు గోడ మీద వరసగా మూడు ఆకుటోపీలు వేలాడుతుంటాయి. కోసుగా, గరాటాని బోర్లించినట్టు ఉండే టోపీలు. వియత్నాం అనగానే అందరికీ గుర్తొచ్చేవే.

ఒకరోజు మా అమ్మాయి సూపు తాగుతూ తాగుతూ "నాన్నా, అవి ఎవరు చేస్తారు?" అని అడిగింది. "వియత్నాంలో రైతులు పెట్టుకుంటారమ్మా" అన్నాను. "పెట్టుకునేవాళ్ళని కాదు, చేసేవాళ్ళని అడుగుతున్నా" అంది. దానికి తొమ్మిదేళ్ళు. అడిగిన ప్రశ్నకి కాకుండా తెలిసిన జవాబు చెప్పడం మా కన్సల్టెంట్లకి అలవాటే గానీ, తొమ్మిదేళ్ళ పిల్ల పట్టేసుకోవడం కాస్త చిన్నతనంగా అనిపించింది.

ఆ జవాబు వెతుక్కునే అవకాశం అనుకోకుండా వచ్చింది. 2023 నవంబరులో ఒక ప్రాజెక్టు పని మీద మూడు వారాలు హనోయ్‌లో ఉండాల్సొచ్చింది. అక్కడి టీములో పాతికేళ్ళ అమ్మాయి ఒకతుంది. నేను ఆకుటోపీల సంగతి ఎత్తగానే, "అయితే చువోంగ్ వెళ్ళాలి. కానీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు, సంత రోజు వెళ్ళాలి" అంటూ ఫోనులో కేలండరు తీసింది. అందులో ప్రతి తేదీ కింద చిన్న అంకెల్లో ఇంకో తేదీ ఉంది. అది వాళ్ళ చాంద్రమానం. చువోంగ్ సంత చాంద్రమాసంలో 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో జరుగుతుందట. వాళ్ళ నెల కూడా మన తెలుగు నెలలాగే అమావాస్యతో అయిపోయి కొత్తగా మొదలవుతుంది. అంటే కాస్త అటూ ఇటూగా శుద్ధ చవితి, దశమి, చతుర్దశి, తర్వాత బహుళంలో మూడు రోజులన్నమాట. నవంబరు 26 ఆదివారం వాళ్ళకి పదో నెల పద్నాలుగో తేదీ. మనకి ఆ పొద్దున కార్తీక శుద్ధ చతుర్దశి. మర్నాడు పౌర్ణమి అని ఇంటినుంచి మా ఆవిడ ముందే గుర్తు చేసింది కాబట్టి నాకు బాగా జ్ఞాపకం.

చువోంగ్ హనోయ్ నడిబొడ్డునుంచి నైరుతిగా ఓ ముప్ఫై కిలోమీటర్లు, దాయ్ నది ఒడ్డున ఉంటుంది. 2008 ఆగస్టు దాకా అది హా తెయ్ అనే రాష్ట్రంలో ఉండేది. అప్పుడు ఆ రాష్ట్రాన్ని మొత్తంగా హనోయ్‌లో కలిపేశారు. నేను వెళ్ళినప్పుడు థాన్ ఒవాయ్ జిల్లాలో ఉంది. 2025 జులైలో దేశమంతటా జిల్లాలే రద్దయ్యాయి కాబట్టి ఇప్పుడు ఆ జిల్లా కూడా లేదు. పైన బోర్డులు ఇన్నిసార్లు మారినా, సంత రోజులు మాత్రం చంద్రుణ్ణి నమ్ముకుని అలాగే ఉన్నాయి.

తెల్లవారుజామున బయల్దేరాం. ఎండ ఎక్కేసరికి సంత అయిపోతుందని ఆ అమ్మాయి నన్ను నాలుగున్నరకే లేపింది. సంత జరిగేది ఊరి 'దిన్' ముందు. దిన్ అంటే ఊరి దేవుడికి గుడీ, ఊరి పెద్దలకి చావడీ రెండూ కలిసిన మందిరం. ఆ చీకట్లో నాకు ముందు కనిపించినవి తెల్లటి గోపురాల్లాంటి దొంతరలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి పేర్చిన టోపీలు. వాటి మధ్య మనుషులు కూడా టోపీలు పెట్టుకునే ఉన్నారు, అందుకని సరుకేదో, మనిషేదో పోల్చుకోవడానికి కొంచెం టైము పట్టింది.

నేను ఊహించుకున్నది టోపీల సంత. తీరా చూస్తే టోపీలు ఒక భాగమే. ఒకావిడ దగ్గర అచ్చంగా ఆకులే ఉన్నాయి, కట్టలు కట్టలుగా. ఇంకొకాయన దగ్గర సన్నటి వెదురు రింగులు, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా. ఒకరి దగ్గర వెదురు పొరలు, ఇంకొకరి దగ్గర దారాలు, సూదులు, గడ్డం కింద కట్టుకునే రంగు పట్టీలు. టోపీ అమ్మి, ఆ డబ్బుతో ఆకూ రింగులూ కొనుక్కుని వెళ్ళిపోతున్నారు. వచ్చే సంతకి మళ్ళీ టోపీలతో వస్తారు.

నా వృత్తి దోషం వల్ల కావచ్చు, అక్కడ నిలబడి నేను చూసింది ఒక స్టాండర్డు. చువోంగ్ టోపీకి సాధారణంగా పదహారు రింగులు. కిందది పెద్దది, పైకి పోయేకొద్దీ తగ్గుతూ చిట్టచివరిది నాణెమంత. అచ్చు ఒకే కొలత కాబట్టి ఎవరు చేసిన రింగులైనా ఎవరి అచ్చు మీదైనా కూర్చుంటాయి. అందువల్ల రింగులు చేసే ఇల్లు రింగులే చేస్తుంది, ఆకు ఇస్త్రీ చేసే ఇల్లు ఆకే చూసుకుంటుంది, కుట్టేవాళ్ళు కుడతారు. మేం మీటింగుల మీద మీటింగులు పెట్టుకుని 'ఇంటర్‌ఫేసు' అంటూ కొట్టుకునే సంగతిని ఈ ఊరు ఎవరికీ చెప్పకుండా సాధించేసింది. దాని వల్ల ఇంకో సౌకర్యం కూడా ఉంది. టోపీ పనంతా ఒక్కరే నేర్చుకోనక్కర్లేదు. పొలం పని చూసుకునే మనిషి, చంటిపిల్లని చూసుకునే తల్లి, చూపు తగ్గిన ముసలాయన, ఎవరికి వీలైన ముక్క వాళ్ళు చెయ్యొచ్చు.

సరే, అసలు టోపీ ఎలా తయారవుతుందో చెబుతాను. దీన్ని వాళ్ళు 'నోన్ లా' అంటారు. నోన్ అంటే టోపీ, లా అంటే ఆకు. ఆ ఆకు చువోంగ్‌లో పెరగదు. తాటి కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్కది. హా తిన్, క్వాంగ్ బిన్ లాంటి మధ్య వియత్నాం ప్రాంతాల నుంచి వస్తుంది. వచ్చినప్పుడు పచ్చగా, ముడతలు ముడతలుగా ఉంటుంది. దాన్ని ఇసకతో రుద్ది, రెండు మూడు రోజులు మంచి ఎండలో పెడితే పచ్చదనం పోయి వెండి రంగుకి తిరుగుతుంది. వాన పడిందా, ఆకు నల్లబడుతుంది, ఆ సరుకు పోయినట్టే. మిరపకాయలు ఆరబోసిన ఇంట్లో మబ్బు పట్టినప్పుడు ఎంత హడావుడో మనకి తెలుసు కదా, అచ్చం అదే.

ఎండిన ఆకుని ఇస్త్రీ చెయ్యాలి. ఇందుకు వాడేది నాగలి కర్రు! ఇనప కర్రుని బొగ్గుల మీద వేడిచేసి, దాని మీద ఆకు పెట్టి, చేతిలో గుడ్డ ఉండతో నొక్కుతూ ఒక్క లాగు లాగుతారు. వేడెక్కువైతే ఆకు మాడి ఎర్రబడుతుంది, తక్కువైతే ముడత పోదు. థర్మామీటరేమీ లేదు, చెయ్యే చెప్పాలి. బూజు పట్టకుండా, ఇంకా తెల్లబడేందుకు గంధకం పొగ కూడా పట్టిస్తారు.

తర్వాత అచ్చు మీద పదహారు రింగులూ ఎక్కించి, లోపల ఒక వరస ఆకు, మధ్యలో వెదురు పొర, పైన ఇంకో వరస ఆకు పరుస్తారు. వెదురు పొర అంటే లేత వెదురు మొలకని చుట్టుకుని ఉండి, ఎదిగాక ఎండి రాలిపోయే తొడుగు. టోపీకి గట్టిదనం ఇచ్చేదీ, వాన లోపలికి దిగకుండా ఆపేదీ అదే. ఇక కొసనుంచి మొదలుపెట్టి, రింగు రింగుకీ ఆకుని కలిపి సూదితో కుట్టుకుంటూ కిందకి రావాలి. పూర్వం ఒక రకం తాటిజాతి చెట్టు నారతో కుట్టేవారు. ఇప్పుడు సన్నటి నైలాను దారం. ముళ్ళన్నీ లోపలికి దాచేస్తారు, బయటికి ఒక్క ముడి కనిపించకూడదు. రింగు చివరలు కలిసిన చోటు కూడా వేలితో తడిమినా తెలియకూడదు. చువోంగ్ సరుకుకి పేరొచ్చింది ఆ నున్నదనం వల్లే. చెయ్యి తిరిగిన మనిషికి రోజుకి ఒకటి, మహా అయితే రెండు టోపీలవుతాయి.

ఇక్కడే నేనొక తప్పు పని చేశాను. ఒక ముసలావిడ దగ్గర చక్కటి టోపీ ఒకటి నచ్చింది. అరవై వేల దోంగ్‌లు చెప్పింది. (కంగారు పడకండి, రెండున్నర డాలర్లు.) సంత అనగానే నోరు ఊరుకోదు కదా, యాభైకిస్తావా అన్నాను. ఇచ్చేసింది. పక్కనే నిలబడి ఇంకొకావిడ కుట్టడం పావుగంట చూశాక లెక్క వేశాను. యాభై వేలంటే అప్పటి లెక్కలో సుమారు నూట డెబ్భై రూపాయలు. అందులో ఆకు, రింగులు, పొర, దారం ఖర్చు పోగా మిగిలేది ఒక మనిషి ఒక రోజు సంపాదన. అందులోంచి నేను పదివేలు కోశాను. తిరిగి వెళ్ళి ఆ పదివేలూ చేతిలో పెట్టాను. ఏ సినిమాలోనో అయితే ఆవిడ వద్దని కన్నీళ్ళు పెట్టుకోవాలి. ఈవిడ మాత్రం చక్కగా తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, పక్కన పీట చూపించి కూర్చోమంది. లెక్క లెక్కే.

పక్కనున్న అమ్మాయి మధ్యలో ఉండి మాటలు అందించింది. వియత్నాం భాషలో 'నేను', 'నువ్వు' అని ఊరికే అనరు. వయసుని బట్టి, వరసని బట్టి పిలుచుకోవాలి. ముసలావిడని నేను 'బా' అనాలి, అంటే అవ్వ. ఆ అమ్మాయి నన్ను పిలిచేది 'అన్' అని, అంటే అన్నయ్య! (భాషాశాస్త్రవేత్తలు కర్రలు తీసేలోపే చెబుతున్నా, ఇది ఉత్త కాకతాళీయం.) ఏమైనా ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఆఫీసులో 'టీమ్ లీడ్'ని, ఇక్కడ మనవణ్ణి అయిపోయాను.

ఇంక చరిత్రకొద్దాం. ఈ టోపీ గురించి ఎవర్నడిగినా మూడు వేల ఏళ్ళ నాటిదంటారు. సాక్ష్యంగా న్గొక్ లూ కంచు డోలు చూపిస్తారు. దొంగ్ సోన్ కాలం నాటి డోలు అది, అంటే క్రీస్తు పూర్వపు శతాబ్దాలది. 1893లో బయటపడింది, ఇప్పుడు హనోయ్ మ్యూజియంలో ఉంది. ఆ తర్వాతి వారం వెళ్ళి చూశాను. డోలు మీద మనుషులున్నారు, తలల మీద ఏవో ఉన్నాయి. కానీ నా కళ్ళకి అవి పక్షి ఈకల కిరీటాల్లా ఉన్నాయి తప్ప మన కోసు టోపీల్లా లేవు. ఆకులు కంచులా వేల ఏళ్ళు నిలవవు కాబట్టి, ఎండా వానా ఉన్న దేశంలో జనం ఎప్పటినుంచో ఆకుల టోపీలు పెట్టుకునే ఉంటారని అనుకోవడంలో తప్పు లేదు. ఈ టోపీయే ఆ టోపీ అనడానికి మాత్రం డోలు సాక్ష్యం సరిపోదు.

అసలు నూటపాతికేళ్ళ వెనక్కి వెళితేనే కథ మారిపోతుంది. 1884 నుంచి 1886 దాకా ఫ్రెంచి సైన్యంతో పాటు ఉత్తర వియత్నాంలో తిరిగిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు, పేరు హొకార్. కెమెరా పట్టుకుని తిరిగాడు. ఆయనా, ఆయన తర్వాత వచ్చినవాళ్ళూ తీసిన ఫోటోల్లో ఉత్తరాది ఆడవాళ్ళ తలమీద ఉన్నది కోసు టోపీ కాదు. బండిచక్రంలా వెడల్పుగా, బల్లపరుపుగా, అంచు కిందకి మడిచి ఉన్న పెద్ద టోపీ. పక్కలనుంచి పట్టు కుచ్చులు వేలాడుతుంటాయి. దాని పేరు బా తమ్. ఆ కుచ్చుల పట్టీలు నేసేందుకు హనోయ్ పక్కనే చియెవ్ ఖుక్ అని వేరే ఊరు ఉండేది. ఇవాళ ఆ టోపీ కనిపించేది ఎక్కువగా బక్ నిన్ ప్రాంతపు క్వాన్ హో పాటగత్తెల తల మీదే. (ఆ పాటల్ని 2009లో యునెస్కో గుర్తించింది.) మగవాళ్ళ టోపీలు వేరు, సిపాయిల టోపీలు వేరు. రాజుల కాలం సిపాయికి కొసన ఇత్తడి మొన ఉన్న చిన్న కోసు టోపీ. ఫ్రెంచివాళ్ళ కింద పనిచేసిన స్థానిక సిపాయికి తలమీద పళ్ళెం బోర్లించినట్టుండే వెదురు టోపీ. తలని చూస్తే మనిషి ఎవరో తెలిసిపోయే కాలం.

చువోంగ్ వాళ్ళు ఇలాంటివెన్నో రకాలు చేసేవారు. బా తమ్ టోపీలకి ఆ ఊరు పెట్టింది పేరు. అంతఃపురం ఆడవాళ్ళకి కూడా ఇక్కడినుంచే వెళ్ళేవని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో వెడల్పు టోపీ వాడకం తగ్గిపోయి, ఆడా మగా, పేదా గొప్పా అందరూ పెట్టుకునే తేలికపాటి కోసు టోపీ దేశమంతా వ్యాపించింది. చువోంగ్ కూడా మధ్య వియత్నాం పద్ధతిలో మూడు పొరల కోసు టోపీకి మారిపోయింది. ఆ టోపీతో జతగా మనం ఊహించుకునే పొడుగాటి 'ఆవ్ జాయ్' దుస్తులు కూడా ఇప్పటి రూపానికొచ్చింది 1930లలోనే. హనోయ్ చిత్రకారుడు న్గుయెన్ కాట్ తువోంగ్ 1934లో పెట్టిన కొత్త మోస్తరు కత్తిరింపుతో ఆ మార్పు మొదలైంది. హ్వే నగరం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఆకుల పొరల మధ్య కాగితం కత్తిరించి బొమ్మలూ పద్యపాదాలూ దాచారు. వెలుతురుకెత్తి పట్టుకుంటే కనిపిస్తాయి. హ్వే టోపీకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అంటే మా ఫో హోటలు గోడ మీద 'అనాది సంప్రదాయం'గా వేలాడుతున్న టోపీ, ఆ ఊళ్ళో మా తాతల తరానికి కాస్త అటూ ఇటూ వయసున్నది. మొదట ఇది తెలిసినప్పుడు ఎవరో నన్ను మోసం చేసినట్టనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ఊరు నిలబడిందే అందువల్ల అనిపించింది. బా తమ్ టోపీ తప్ప ఇంకోటి చెయ్యమని భీష్మించుకుని ఉంటే చువోంగ్ సంత ఎప్పుడో ఆగిపోయేది. వాళ్ళు వదిలిపెట్టనిది టోపీ ఆకారాన్ని కాదు. ఆకుకి ఎంత వేడి తగలాలో తెలిసిన చేతిని.

ఆ చేతికి అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలింది 2007 డిసెంబరు 15న. ఆ రోజు నుంచి వియత్నాంలో మోటారు సైకిలు మీద వెళ్ళే ప్రతివాళ్ళూ హెల్మెట్టు పెట్టుకోవాలని ప్రభుత్వం ఆజ్ఞ అమల్లోకొచ్చింది. మన దగ్గర హెల్మెట్టు చట్టం ఎలా అమలవుతుందో మనకి తెలుసు, నూనె డబ్బాలా ట్యాంకు మీద పెట్టుకుని తిరుగుతాం. అక్కడ మాత్రం దాదాపు రాత్రికి రాత్రే జనం పెట్టేసుకున్నారు. అది మంచి చట్టం, ఎన్నో తలల్ని కాపాడింది, అందులో రెండో మాట లేదు. కానీ అంతకుముందు రోజు దాకా మోపెడ్ మీద ఆకుటోపీ పెట్టుకుని వెళ్ళిన ఊరూవాడా ఆడవాళ్ళందరికీ తల మీద ఒక్కటే చోటు. అది పోయింది. పొలాల్లో, సంతల్లో, తోపుడు బండ్ల దగ్గర మిగిలింది. మిగతాది టూరిస్టులు, నాటకాలు, హోటలు గోడలు, అలంకరణకి బొమ్మలు వేసిన చిన్న టోపీలు. బా మాటల్లో చెప్పాలంటే: "పూర్వం టోపీ పాతబడితే మళ్ళీ కొనుక్కోవడానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు కొన్నవాళ్ళు గోడకి తగిలిస్తారు. గోడ మీద టోపీ పాతబడదు."

ఇంతకంటే బాగా ఏ ఎం.బీ.ఏ. వాడూ చెప్పలేడు.

"మీ పిల్లలు చేస్తారా?" అని అడిగాను. కూతురు ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తుందట, సెలవు రోజు కుడుతుంది. మనవరాలికి వచ్చు గానీ కూర్చోదు. "కూర్చోకపోతేనే మంచిది, నడుం పోతుంది" అని నవ్వింది. తర్వాత నా వంతు వచ్చింది. "మీ ఊళ్ళో ఏం చేస్తారు?" అంది. నేత అన్నాను. "నీకు వచ్చా?" అంది. రాదన్నాను. "మీ నాన్నకి?" రాదు. "తాతకి?" వచ్చు. బా తలూపి మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది. ఆవిడ దెప్పలేదు. ఆవిడ లెక్కలో ఇది తెలిసిన కథే.

మాది చీరాల దగ్గర ఊరు. ఆ ప్రాంతం వాళ్ళలో కొందరికైనా తేలియా రుమాళ్ళ సంగతి తెలిసే ఉంటుంది. అది కూడా తలకి కట్టుకునేదే. నూలుని ఆముదపు కాయల బూడిద నీళ్ళలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, పడుగూ పేకా రెండిటికీ ముందే కట్లు కట్టి ఎరుపూ నలుపూ అద్ది, అప్పుడు నేసేవారు. ఆ నూనె వాసన బట్టని వదిలేది కాదు, పేరే 'తేలియా'. చీరాలనుంచి ఆ రుమాళ్ళు అరబ్బు దేశాలకీ, ఏడెన్‌కీ, తూర్పు ఆఫ్రికాకీ ఓడలెక్కి వెళ్ళేవి. ఎడారి ఎండలో తల చల్లగా ఉంచుతుందని అక్కడివాళ్ళు కట్టుకునేవారు. ఎక్కడో ఉన్న తలని నమ్ముకుని మా ఊళ్ళు బతికాయి. ఆ తలలు వేరే బట్టకి మారాక చీరాలలో ఆ పని ఆగిపోయింది. తెలంగాణలో పుట్టపాక నేతన్నలు దాన్ని చీరలుగా, దుపట్టాలుగా మార్చి బతికించారు. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా వాళ్ళ రుమాలుకే. తల మీదనుంచి భుజం మీదకి మార్చారన్నమాట. చువోంగ్ వాళ్ళు చేసినలాంటి పనే.

మా తాతయ్య వాళ్ళ నాన్న తేలియా నేశాడట. తాతయ్య కాలానికి అది లేదు, మామూలు చీరలూ లుంగీలూ నేశాడు. నాన్న బడిపంతులయ్యాడు. తాతయ్య పోయిన రెండేళ్ళకి ఇంట్లో గుంట మగ్గం విప్పేసి, గుంట పూడ్చి, పైన గచ్చు చేయించి ఆ గదిని నాకిచ్చారు. అక్కడే బల్లా కుర్చీ వేసుకుని జి.ఆర్.ఈ.కి చదివాను. పదేళ్ళ వయసులో తాతయ్య ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే పక్కన కూర్చుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు గుర్తుంది. పడుగు ఎలా సరిచేస్తారు, దారం తెగితే ఏం చేస్తారు అని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు. పన్నెండు వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్ళి, భాష రాని ఊళ్ళో, దుబాసీని పెట్టుకుని ముసలావిణ్ణి అడిగినన్ని ప్రశ్నలు, ఇంట్లో ఉన్న మనిషిని తెలుగులో అడగలేదు.

అందుకని ఆ గుంట పూడ్చడం తప్పని అనను. మా నాన్న బడిపంతులవడం తప్పా? బా మనవరాలు నడుం కాపాడుకోవడం తప్పా? ఒక ఊరి పని వందల ఏళ్ళు నిలవాలని కోరుకునేవాళ్ళలో నాలాంటి వాళ్ళమే ఎక్కువ, అంటే ఆ పని చెయ్యక్కర్లేని వాళ్ళం. రోజంతా కుట్టిన టోపీకి రెండు డాలర్లిచ్చి, అందులోనూ బేరమాడి, 'వారసత్వం కాపాడుకోవాలి' అని వాళ్ళకి చెప్పడం న్యాయం కాదు. ఆ చేతికి బతుకు గడిచే ధర వస్తే అది తన దారి తను చూసుకుంటుంది, టోపీ ఆకారం మార్చుకునైనా సరే. చువోంగ్ ఇంతకు ముందు కనీసం ఒకసారి ఆ పని చేసి చూపించింది.

టోపీని విమానంలో తేవడం ఒక ప్రహసనం. సూట్‌కేసులో పట్టదు, పైన అరలో నలుగుతుంది. చివరికి హనోయ్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన దాంట్లో నా భోజనం ట్రే పెట్టుకోవచ్చని సలహా ఇచ్చాడు.

ఇంటికొచ్చాక మా అమ్మాయిని కూర్చోబెట్టి, ఎవరు చేస్తారో మొత్తం చెప్పాను. ఇసక, ఎండ, నాగలి కర్రు, పదహారు రింగులు, బా. శ్రద్ధగా విని, రింగులు లెక్కపెట్టి, "కరెక్టే, పదహారు" అంది. మా ఆవిడ గోడకి మేకు కొట్టబోయింది. బా మాట గుర్తొచ్చి వద్దన్నాను. ఇప్పుడు శనివారాలు పెరట్లో కలుపు తీసేటప్పుడు నేనే పెట్టుకుంటున్నాను. అంచు దగ్గర ఒక కుట్టు ఊడింది, ఆకు రంగు కాస్త పసుపెక్కింది. ఇంకో రెండేళ్ళలో పాతబడుతుందని ఆశ.

ఆ వారమే అమ్మకి ఫోను చేసి, తాతయ్య పెట్టెలో తేలియా రుమాలొకటి ఉండాలి, చూడమన్నాను. పెట్టెంతా వెతికింది. ఇల్లు బాగుచేయించినప్పుడు ఎక్కడ పోయిందో తెలీదంది. మాట మార్చడానికి, ఆ మగ్గం గుంట ఎంత లోతుండేదని అడిగాను. "మీ తాతయ్య మోకాళ్ళ దాకా వచ్చేదిరా" అంది. తర్వాత కాసేపాగి, దారం తెగితే తాతయ్య ఎలా ముడేసేవాడో, ఆ ముడి బట్ట మీద కనపడకుండా ఎలా దాచేవాడో చెప్పడం మొదలుపెట్టింది. అమ్మకి ఇదంతా తెలుసని నాకు అప్పటిదాకా తెలీదు. కాగితం తెచ్చుకుని రాసుకున్నాను.